వెనక్కి వచ్చిన ఉత్తరం

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో మా ఇల్లంటే ముగ్గురమే, నాయిన, ఆయనను కన్న అవ్వ, నేను. అమ్మ నన్ను కని పోయిందట. నాయిన మిలిటరీ లారీ నడిపేవాడు. యుద్ధం వచ్చేలా ఉందని పెద్దవాళ్ళు చెప్పుకుంటున్న రోజుల్లో ఆయనను తూర్పు సరిహద్దుకు పంపారు. అవ్వకు చదువు రాదు కాబట్టి, ఆమె చెబుతుంటే ఉత్తరాలు నేనే రాసేదాన్ని.

అప్పుడే ఉత్తరాలకు కొత్త పన్ను వచ్చింది. సరిహద్దు దాటి వస్తున్న కాందిశీకులకు తిండి పెట్టడానికని సర్కారు ఇంకో ఐదు పైసల తపాలా బిళ్ళ అంటించమంది. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ వల్లే నాయిన దూరమయ్యాడు, పైగా వాళ్ళకే మనం పైసలు కట్టాలా అని నా పంతం. ఒకసారి ఆ ఐదు పైసలతో పిప్పరమెంట్లు కొనుక్కుని, బిళ్ళ లేకుండానే ఉత్తరం డబ్బాలో వేశాను. క్రిస్మసుకు రమ్మని నాయినకు రాసిన ఉత్తరం అది.

కొన్నాళ్ళకు అది తిరిగి మా గడపకే వచ్చింది. పోస్టుమ్యాన్ సంగతంతా అవ్వకు చెప్పి మరీ వెళ్ళాడు. ఇక నా వీపు విమానం మోతే అనుకున్నాను. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, రోజూ చేసినట్టే వండబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి, లేనివాళ్ళకు పంచమని చర్చికి ఇచ్చే కుండలో వేసింది. తర్వాత మెల్లగా అంది.

"రజాకార్ల లొల్లిల నీ నాయినను సంకలేసుకొని కీసర దాంక ఉరికిన బిడ్డా. ఎవ్వరో ఎరుకలేని తల్లి గింత గంజి పోసింది. మీరెవ్వరని గూడ అడగలె. ఆమె గూడ నీ లెక్కనే అనుకుంటె, గీ పొద్దు నీకు నాయిన ఏడికెల్లి వస్తుండె?"

సిగ్గుతో వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు అవ్వ చెప్పకముందే వెళ్ళి, బిళ్ళ అంటించి వేసి వచ్చాను.

యుద్ధం గెలిచామని ఊళ్ళో మిఠాయిలు పంచారు. నాయిన రాలేదు, ఆయన ఇనుప పెట్టె వచ్చింది. అందులో మేము రాసిన ఉత్తరాలన్నీ దారంతో కట్టి ఉన్నాయి. ఆ ఒక్కటే లేదు.

ఇప్పుడు నాగారంలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. కుక్కరులో బియ్యం పోసేముందు పిడికెడు తీసిపెడితే మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. బియ్యంలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ ఉత్తరం ఇంకా నాయినను వెతుక్కుంటూ పోతూనే ఉందనిపిస్తుంది. ఆ ఐదు పైసలు ఆ రోజే కట్టి ఉంటే, ఆయన దాన్ని చదువుకుని ఉండేవాడు.