నేను మార్చి చెప్పిన మాట

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. పాఠం చెబుతున్నప్పుడు, పిల్లల పేర్లు పిలుస్తున్నప్పుడు, ఎవరైనా నన్ను మంచి టీచరని అన్నప్పుడు అది అడ్డం పడుతుంది. నా భర్తకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను తిరుపతిలో బీఎడ్ చదువుతున్నాను. మా కాలేజీకి పోలండ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆమె కూడా నాలాగే టీచరు చదువు చదువుతోంది. నాలుగు నెలలు ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి వెళ్లాలి. ఆమెను మార్తా అందాం. అసలు పేరు అది కాదు. క్లాసులో ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడేది నేనే కాబట్టి ఆమెను నాకు అప్పగించారు. తిరుచానూరులో ఒక మేడ మీద గది తీసుకుని ఇద్దరం ఉన్నాం. రోజూ పొద్దున్నే బస్సెక్కి, కార్వేటినగరం దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు వెళ్లేవాళ్లం.

ఆమెకు ప్రతి రోజూ ఒక వింతే. కింద పూలమ్మే ఆవిడ ఆమె పొట్టి జుట్టులో మల్లెపూలు నిలబెట్టడానికి నాలుగు పిన్నులు గుచ్చేది. సంగటి నమలకూడదు, మింగాలి అని చెబితే కళ్ల నీళ్లు పెట్టుకుని మరీ మింగింది. తెలుగు పిల్లల దగ్గరే నేర్చుకుంది. ఒకరోజు స్టాఫ్ రూములో హెడ్మాస్టరుగారిని చూసి, "ఏమప్పా, బాగుండావా?" అంది. అందరూ బిగుసుకుపోయారు. ఆయన మాత్రం పడీ పడీ నవ్వి, "బాగుండానమ్మా, నువ్వు తిన్న్యావా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆమె అందరి మనిషి అయిపోయింది.

నేను నవ్వానా? నవ్వాను. కానీ పిల్లలు ఆమె చుట్టూ మూగుతుంటే, ఆమె సంచి మోస్తూ పక్కన నిలబడ్డ నాకు అసూయగా ఉండేది. చేసినదానికి అది కారణం కాదు. కాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత గట్టిగా అనలేకపోతున్నాను.

అసలు కారణం ఒక రికార్డు. బీఎడ్‌లో ప్రతి ఒక్కరూ బడిలో ఒక సమస్య ఉన్న పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకుని, గమనించి, కేస్ స్టడీ రాయాలి. నేను ఎనిమిదో తరగతి భార్గవిని ఎంచుకున్నాను. పదమూడేళ్ల పిల్ల. చివరి బెంచీ. పిలిస్తే పలకదు, అడిగిన ప్రశ్న ఒకటైతే చెప్పే జవాబు ఇంకొకటి. మొండితనం అని రాశాను. కారణాలు రాశాను, ఇంట్లో గారాబం అని కూడా రాశాను. వాళ్ల ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడినట్టు రెండు పేజీలు నింపాను. నేను ఆ గడప తొక్కలేదు. ఆ పిల్ల చెవిలో దూది పెట్టుకుని వస్తే, బాగాలేదు తీసెయ్యమన్నాను. రెండుసార్లు ఎండలో బయట నిలబెట్టాను. మా లెక్చరరు ఆ రికార్డు చూసి, కాలేజీలో ఇదే బాగుందని, తనిఖీకి వచ్చేవాళ్లకు చూపిస్తానని పక్కన పెట్టారు.

మార్తాకు ఒక్క వారం చాలింది. తను బోర్డు వైపు తిరిగి పాట చెబుతుంటే భార్గవి ఆగిపోతోంది, పిల్లల వైపు తిరిగితే అందుకుంటోంది. పెదాలు చూసి పాడుతోందన్నమాట. మార్తా ఆ పిల్లను వరండాలోకి తీసుకెళ్లి, వెనక నుంచి ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క చిటిక వేసింది. దగ్గరికి వంగి చెవి వాసన చూసింది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎర్రబడి ఉంది. పిల్ల నాన్నను పిలిపించమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చెరుకు తోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా నుసి. దొరసాని మేడంకని కాగితంలో బెల్లం చుట్టి తెచ్చాడు. భార్గవి ఆయన పక్కనే నిలబడింది. మార్తా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఆయన కళ్లలోకి చూస్తూ ఇంగ్లిషులో నెమ్మదిగా చెప్పింది.

"ఈ పాపకు ఎడమ చెవి వినపడటం లేదు. లోపల చీము ఉంది. ఈ వారమే తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. చాలా తెలివైన పిల్ల. ఇందులో తన తప్పేమీ లేదు."

చెప్పి, నా వైపు చూసింది.

ఆ క్షణంలో నాకు కనబడింది భార్గవి కాదు. నా రికార్డు. ఆ రెండు దొంగ పేజీలు. వినపడని పిల్లను మొండిదని రాసి ఎండలో నిలబెట్టిన టీచరు అంటూ రేపు కాలేజీలో అందరూ నన్ను చూసే చూపు.

"మేడం ఏమంటా ఉండాదంటే, పాప వినదంట. ఎంత చెప్పినా వినదంట. మీరు ఇంట్లో కొంచెం గట్టిగా చెప్పాలంట."

వినపడదు అనాల్సిన చోట వినదు అన్నాను. అంతే. నోరు జారలేదు. తెలిసే అన్నాను.

"ఇంట్లో గూడా ఇదే కత మేడమ్," అన్నాడాయన. సిగ్గుతో తల వంచుకున్నాడు. "పది మార్లు పిలిస్తే గానీ పలకదు. యాడ నుంచి వచ్చినాదో ఇంత పొగరు. సదువుకోమని పంపిస్తే, దేశం గాని దేశం నుంచి వచ్చినామె చేత గూడా మాట అనిపిస్తావా?" అని భార్గవి వైపు తిరిగి చెంప మీద కొట్టాడు. ఎడమ చెంప. చెవిని కలిపి.

మార్తా అరిచి అడ్డం వెళ్లింది. పిల్ల ఏడవలేదు. మార్తా చెయ్యిని తన భుజం మీంచి తీసేసింది.

"ఏం చెప్పావు నువ్వు?" అని మార్తా నన్ను అడిగింది.

"నువ్వు చెప్పిందే."

"మరి ఎందుకు కొట్టాడు?"

"ఇక్కడి నాన్నలు అంతే," అన్నాను.

బెల్లం బెంచీ మీద పెట్టి, మార్తాకు దండం పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిన మనిషి గురించి ఆ మాట అన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు భార్గవి మార్తా వైపు చూడలేదు. మార్తా ఆసుపత్రి గురించి అడిగినప్పుడల్లా, తీసుకెళ్లారట, మందులు ఇచ్చారట అని చెప్పాను. దిద్దుకోవడానికి నాకు ఎన్ని రోజులు ఉన్నాయి? ఒక్క సాయంత్రం బస్సు దిగి వాళ్ల ఊళ్లోకి నడిచి ఉంటే సరిపోయేది. రికార్డుకు మార్కులు పడ్డాక వెళదాం అనుకున్నాను. మార్కులు పడ్డాయి. పరీక్షలయ్యాక అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. మార్తా వెళ్లేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని, నువ్వు లేకపోతే ఇక్కడ నాకు నోరే లేదు అని ఏడ్చింది.

ఇదంతా అంతటితో పోయి ఉంటే నేను ఇప్పుడు రాసేదాన్ని కాదేమో. పోయినేడాది పనిమీద నాయుడుపేట వెళ్లాను. బస్టాండులో కంపెనీ యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి నా ఎదుట నిలబడింది.

"మిస్, నేను భార్గవిని. గుర్తుండానా?"

గొంతు మామూలు కంటే పెద్దగా ఉంది. తల కొంచెం పక్కకు తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టింది. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. ఇంటర్లో కుడి చెవికి కూడా చీము పడితే అప్పుడు వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారట. ముందే వచ్చుంటే మందులతోనే నయమయ్యేదని డాక్టరు అన్నాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. తర్వాత ఇంకొకటి చెప్పింది.

"నాయన ఇప్పుటికీ ఏడుస్తాడు మిస్. ఆ పొద్దు బడికాడ కొట్టినాడే, ఆ దెబ్బకే నా బిడ్డ చెవి పోయినాది అంటాడు. డాక్టరు కాదని చెప్పినా నమ్మడు. ఆ పొద్దు నుంచి ఎవురి మిందా చెయ్యెత్తలేదు." కుడి చెవి ఇంకాస్త ముందుకు పెట్టింది. "ఆ తెల్ల మేడం అంటే నాకెంత ఇష్టమో మిస్. ఆమె నా మింద ఎందుకట్ల సాడీ చెప్పింది?"

అడిగింది. నన్నే అడిగింది. బస్టాండులో ఎవరూ మమ్మల్ని పట్టించుకోవడం లేదు. నా ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు. ఆ రికార్డు ఏ చెత్తలో కలిసిందో కూడా తెలియదు. భయపడటానికి ఒక్క కారణం లేదు.

"పాపం, ఆమెకు మన పిల్లల సంగతి ఏం తెలుసు," అన్నాను.

ఇరవై మూడేళ్ల వయసులో అన్న అబద్ధానికి చిన్నతనం అని పేరు పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ల వయసులో అన్న దీనికి ఏ పేరు పెట్టుకోను? ఆ పిల్ల తల ఊపింది. తన ఫోన్ నంబరు ఇచ్చింది. నా చేతి సంచి అందుకుని నన్ను బస్సెక్కించింది, సీటు దొరికిందా మిస్ అని కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

ఆ తండ్రి కొట్టకముందే ఆ చెవిలో చీము ఉంది. ఆ సంగతి ఆ రోజే తెలిసినవాళ్లు ఇద్దరమే. ఒకరు పోలండ్‌లో ఉన్నారు. ఇంకొకరు నేను. నేను నోరు విప్పితే ఒక ముసలాయన గుండె మీంచి ఒక బరువు దిగుతుంది. నేనింకా ఫోన్ చెయ్యలేదు. చేస్తానని మీకు మాట ఇవ్వను, నా మాటల సంగతి మీకు తెలిసిపోయింది కదా. క్షమించమని కూడా అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు.

ఆ రోజు మార్తా సాడీ చెప్పలేదు. వాళ్ల నాయన దెబ్బకు చెవి పోలేదు. భార్గవి మొండిది కాదు. ఈ మూడు వాక్యాలు వరసగా రాయడం నాకిదే మొదటిసారి. రాశాక లోపల కొంచెం తేలికగా ఉంది. అలా ఉన్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.