రెండో వైపు, మూడో పాట

పోయిన నెల మా అమ్మాయి రికార్డు ప్లేయరు కొనుక్కొచ్చింది. ఈ తరం పిల్లలకు మళ్ళీ వాటి మీద మోజు పుట్టిందట. సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లోని మా ఇంటి గరాజ్‌లో పాత పెట్టెలు వెతికి, అందులో ఉన్న ఒకే ఒక్క రికార్డు పట్టుకొచ్చి, అట్ట వెనక పెన్సిలు రాత చూసి, "నాన్నా, దిస్ ఈజ్ నాట్ యువర్ నేమ్. హూ ఈజ్ హీ?" అని అడిగింది. పాత స్నేహితుడమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ రికార్డు నా దగ్గరికి ఎలా వచ్చిందో ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో నేను సిడ్నీ వచ్చాను. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడానికి ఎవరో ఎప్పుడో రాసిన కోబాల్ ప్రోగ్రాములను రోజంతా చదువుతూ కూర్చోవడం. హారిస్ పార్క్‌లో ఒక యూనిట్‌లో, అంటే చిన్న ఫ్లాట్‌లో, నేనూ, నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన చిలకలూరిపేట రూమ్మేటూ ఉండేవాళ్ళం. వాళ్ళ తాత గుళ్ళలో సన్నాయి వాయించినవాడు, తండ్రి పెళ్ళి బ్యాండులో క్లారినెట్. ఆ వైపు ముస్లిం కుటుంబాల్లో అది తరాలుగా వచ్చిన విద్య. ఇతన్ని మాత్రం తండ్రి వాద్యం ముట్టుకోనివ్వలేదట, చదువుకోమన్నాడట. నేను పుస్తకాలు చదివేవాణ్ణి, అతను చదివేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో నేను అతనికంటే ఒక మెట్టు పైన ఉన్నాననుకునేవాణ్ణి.

ఆఫీసులో మా ఎదురు బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరయినవాణ్ణి బతిమాలి మళ్ళీ పిలిపించుకున్నారు, ఎందుకంటే ఆ ప్రోగ్రాముల్లో చాలావాటిని వయసులో ఉన్నప్పుడు రాసింది ఆయనే. నా తప్పు దిద్దడానికి మీరు సముద్రాలు దాటి రావాల్సి వచ్చిందని నవ్వేవాడు. భార్య పోయింది. ఎపింగ్‌లో ఆయన ఇంట్లో ఒక గది నిండా పాత జాజ్ రికార్డులు. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇద్దరినీ పిలిచి, టీ ఇచ్చి, ఒక్కొక్కటే వేసి వినిపించేవాడు.

నేను లైబ్రరీ నుంచి జాజ్ మీద మూడు పుస్తకాలు తెచ్చి చదివాను. ఎవరు ఏ ఊరివాడు, ఎవరి బ్యాండు ఎప్పుడు విడిపోయింది, అన్నీ చెప్పేవాణ్ణి. పెద్దాయన మర్యాదగా తల ఊపేవాడు. ఒకరోజు క్లారినెట్ రికార్డు ఒకటి మోగుతుండగా నా రూమ్మేటు కప్పు కింద పెట్టి, "సార్, హీ ఈజ్ టేకింగ్ బ్రెత్ ఇన్ ద రాంగ్ ప్లేస్. పర్పస్లీ," అన్నాడు. పెద్దాయన సూది ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టి విన్నాడు. తర్వాత లేచి వచ్చి అతనితో చేయి కలిపాడు. మూడు పుస్తకాలు చదివిన నాకు అందులో ఊపిరే వినబడలేదు.

ఆయన దగ్గర ఆ కాలపు నలుపు తెలుపు సినిమాల వీడియో టేపులూ ఉండేవి, పెద్ద డాన్సు హాళ్ళూ, తెల్లకోట్ల బ్యాండువాళ్ళూ. ఒక దాంట్లో హీరో క్లారినెట్ ఊదుతుంటే మావాడు పడీపడీ నవ్వాడు. "అన్నా, ఆ వేళ్ళు చూడు. వాయించేదొకటి, వినబడేదొకటి. మా నాయనైతే కుర్చీ తీసి టీవీ మీదకి ఇసిరేవోడు!" ఏమన్నాడని పెద్దాయన నన్నడిగాడు. నేనే ఇంగ్లీషులో చెప్పాను, పెద్దాయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. అతని మాటను నేను మోసుకెళ్ళి ఇచ్చాను, నవ్వు మాత్రం అతనికి చేరింది. తిరుగు రైల్లో అతను, "ఏందన్నా మూతి ముడుచుకున్నావ్? నీ పుస్తకంలో లేని పాటేశాడా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత లోతుగా దిగిందో అతనికి తెలియదు.

జనవరి వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. రూమ్మేటును వేరే ఆఫీసుకు మార్చారు. పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో దూరాన టూవూంబా అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని, ఈ ఆదివారం ఇద్దరూ చివరిసారి రమ్మని, అతనికి కూడా చెప్పమని నాతో అన్నాడు. నేను చెప్పలేదు. ఒక్క ఆదివారమైనా ఆ గదిలో నేనొక్కణ్ణే కూర్చోవాలనిపించింది. ఇంట్లో రూమ్మేటుతో లైబ్రరీకి వెళ్తున్నానన్నాను, ఎపింగ్‌లో పెద్దాయనతో అతనికి పని పడిందన్నాను.

పెద్దాయన వాకిలి వైపు రెండుసార్లు చూశాడు. రికార్డులన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి, ఏదీ వేయలేదు. నువ్వు చదువుతావు కదా అని నాకొక పుస్తకం ఇచ్చాడు. అతనికిమ్మని ఆ క్లారినెట్ రికార్డు ఇచ్చాడు. అట్ట వెనక అతని పేరు, దాని కింద, రెండో వైపు, మూడో పాట, ఊపిరి విను, అని ఇంగ్లీషులో రాసి ఉంది. అతనికేది కావాలో, నాకేది చాలో ఆయనకు సరిగ్గా తెలుసు. నేను భరించలేకపోయింది దాన్నే.

ఇంటికి వచ్చేసరికి రూమ్మేటు పప్పు వండి, తినకుండా నాకోసం కూర్చున్నాడు. రికార్డు సూట్‌కేసు అడుగున పెట్టాను, రేపిద్దామనుకున్నాను. ఆ వారంలోనే పెద్దాయన వెళ్ళిపోయాడని అతనికి ఎవరో చెప్పారు. అడ్రసు తెలుసా అన్నా అని అడిగితే, పెద్దాయన రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉన్నా, తెలియదన్నాను. టూవూంబాలో ఆయన కూడా కొన్నాళ్ళు ఒక ఉత్తరం కోసం చూసే ఉంటాడు.

రూమ్మేటు తర్వాత మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు. పోయిన చలికాలం పోయాడు. జనాజాకు వెళ్ళి, అందరితోపాటు మూడు పిడికిళ్ళ మట్టి వేసి, క్రెయిగీబర్న్‌లో వాళ్ళింట్లో కూర్చున్నాను. అతని భార్య టీ ఇస్తూ, "ఆ పెద్దాయన చెప్పకుండా వెళ్ళిపోయారని ఈయనకు మనసులో ఎప్పుడూ ఉండేది భాయ్. నేనే ఏదో ఎక్కువ మాట్లాడుంటాలే అనేవారు," అంది. టీ తాగాను.

మా అమ్మాయి రెండో వైపు తిప్పి, మూడో పాట దగ్గర సూది పెట్టింది. క్లారినెట్ వచ్చింది. ఊపిరి కోసం విన్నాను. మళ్ళీ వేయించుకున్నాను. వినబడలేదు. ఈలోగా అమ్మాయి అదే పాట ఫోన్లో వెతికి పట్టుకుని, "ఇట్స్ హియర్ టూ నాన్నా," అంది. ఇప్పుడు ఏ పాటైనా ఎవరికైనా నేరుగా చేరుతుంది. అప్పట్లో అది ఒక మనిషి చేతి మీదుగా వెళ్ళాల్సి వచ్చేది. ఆ చెయ్యి నాదయింది. అతను లేడు, అయినా ఆ పెన్సిలు రాతలో ఉన్న పేరు చూస్తే నాకు ఇవాళ్టికీ అసూయే.

రికార్డును అట్టముక్కల మధ్య పెట్టి కట్టాను. పైన క్రెయిగీబర్న్ అడ్రసు రాశాను. అతని భార్యకు లోపల ఒక ఉత్తరం పెట్టాలి. ఇన్ని పుస్తకాలు చదివాను, వారం రోజులుగా మొదటి వాక్యం రావడం లేదు.