కాస్త పట్టు, ఆనక ఒగ్గీ

మా మామగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే, గుమ్మం ముందు కుర్చీలో, చేతిలో టీ గ్లాసుతో కూర్చుని కూర్చునే పోయారు. ఖాళీ గ్లాసు తీసుకుందామని వెళ్ళాను. గ్లాసు ఖాళీ కాలేదు. ఈ హిందీ ఊళ్ళో, మేముండే బర్మామైన్స్ పేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఈ కబురు ఈపాటికి చేరే ఉంటుంది. ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

పోవడం తేలిగ్గానే పోయారు గానీ, ఇంటి నుంచి పంపడమే మాకు ప్రాణం మీదికి వచ్చింది. చుట్టాల కోసం ఆగడంతో బయలుదేరేసరికే పొద్దు వాలింది. పొద్దుగూకేలోపు ఘాటుకు చేరి నిప్పు పెట్టాలి. గడప దాటిన శవాన్ని మళ్ళీ లోపలికి తేకూడదు. అలాంటప్పుడు ఆయన్ని ఎక్కించుకున్న వ్యాను పది గజాలైనా పోకుండానే దిగబడింది. సందులో పైపుల కోసం తవ్వి, మట్టి పైపైన కప్పి వదిలేశారు. దానిమీద వాన. వెనక ఎడమ చక్రం ఆ గుంటలో, కుడి చక్రం సిమెంటు మీద. డ్రైవరు రేసు ఇస్తున్నకొద్దీ గుంటలో చక్రం గిర్రున తిరిగి జనం మీద బురద చల్లుతోంది. సిమెంటు మీద ఉన్నది మాత్రం కదలదు.

ఆ మోత వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనే బతికుంటే ఆ డ్రైవరు చెవులు మెలేసేవారు.

ఆయన నెమ్మదస్తుడేమీ కాదు. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే. ఆదిత్యపూర్‌లో ఇరుసులు చేసే ఒక చిన్న కార్ఖానాలో సర్వీసంతా డిఫరెన్షియళ్ళు బిగించారు. రిటైరయ్యాక ఆ పనిని ఇంటికి వెంటబెట్టుకొచ్చేశారు. అన్నం తింటుండగా సందులో బండి మలుపు తిరిగితే ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. "ఇన్నావేటమ్మా? ఎనక ఇరుసు మూలుగుతంది. ఆడికి సెప్పాల." ఎంగిలి చేత్తోనే వెళ్ళి చెప్పొచ్చేవారు. మలుపులో చప్పుడు చెయ్యనిదే మంచి డిఫరెన్షియల్ అని ఆయన సిద్ధాంతం.

ఇంతకీ అదేమిటండీ అని ఓసారి అడిగిన పాపానికి, అత్తగారినీ నన్నూ చేయీ చేయీ పట్టుకుని నీళ్ళ డ్రమ్ము చుట్టూ తిరగమన్నారు. లోపలివైపు ఆవిడ తాపీగా నడుస్తుంటే బయటివైపు నేను పరిగెత్తాల్సి వచ్చింది. "సూసేవా? మలుపులో బయటి సక్రం ఎక్కువ తిరగాల, లోపలిది తక్కువ. ఎవరి పాటున ఆళ్ళని తిరగనిచ్చీదే ఓపెన్ డిఫరెన్షియల్." తర్వాత ఇద్దరికీ ఒక కర్ర పట్టించి, సరిసమానంగా అడుగులెయ్యమన్నారు. అత్తగారు తూలి డ్రమ్ము మీద పడ్డారు. "ఇది రెండిట్నీ కలిపి వెల్డింగు ఏసీసిన రకం."

"నాకు తెల్దేటి?" ఆవిడ కర్ర విసిరేశారు. "పెళ్ళైన కొత్తలో జీపెక్కించి సోనారి రోడ్డు మీద కూలేసిన మనిషి, నాకు పాఠాలు సెప్తన్నాడు!"

దల్మా కొండ దారుల్లో బురద ఎక్కాలని, కుర్రతనంలో తన పాత జీపుకి ఆ వెల్డింగు ఆయనే చేశారట. బురదలో ఏనుగులా పోయిందట. ఎండిన సోనారి రోడ్డు మీద మలుపు తిప్పేసరికి ఇరుసు ఫట్‌మంది. మామగారు నవ్వుతూ కళ్ళజోడు బనీనుకి తుడుచుకున్నారు. "అందుకే సెప్తన్నాను. ఎల్లకాలం కట్టీకూడదు, ఎల్లకాలం ఒగ్గీకూడదు." ఒగ్గడమంటే వదలడం, మా శ్రీకాకుళపు మాట. లిమిటెడ్ స్లిప్ అనే రకంలో పలకలుంటాయట. ఒక చక్రం మరీ ఎగిరిపడితే అవి రాసుకుని కాస్త నిలేస్తాయట. లాకరు ఉన్న బండయితే బురదలో రెండు చక్రాలనీ ఒకటి చేసి, గట్టి నేల రాగానే ఒగ్గేస్తుందట.

"మరి నా వ్యానుకో?" అన్నాను. స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను నాది. కోడలిచేత బండి తోలిస్తావా అని చుట్టాలు మూతి విరిస్తే, "బండికి ఆడా మగా తెలుస్తాదేటి?" అని వాళ్ళ నోళ్ళు మూయించి, పక్కన కూర్చుని నేర్పిన మనిషి ఆయన.

"నీదానికేటుంది, ఓపెనే. నీ సెయ్యే లాకరు."

సందులో ఇప్పుడు నలుగురూ కలిసి తోస్తున్నారు. వ్యాను ముందుకి పోకపోగా తోక పక్కకి జారింది. పక్కన మూతలేని పెద్ద మోరీ, మురుక్కాలవ. ఇంకో జానెడు జారితే వ్యాను ఒరిగిపోతుంది, లోపల ఆయన. ఎవరో కెవ్వుమన్నారు. మా ఆయన నిప్పుకుండ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, దిగడానికి లేదు. గోడ మీద ఎండ పైకంటా పోయింది.

నేను డ్రైవరు తలుపు తీసి, రేసివ్వొద్దు, దిగమన్నాను. "రేస్ మత్ దో! ఉతరో."

"దీదీ, రేస్ నహీ దేంగే తో నిక్‌లేగీ కైసే?" రేసివ్వకుండా ఎలా వస్తుందని వాడు నామీదే ఎగిరాడు.

చినమామగారు అడ్డొచ్చారు. "ఏటమ్మా ఇది? ఆడకూతురువి, శవం బండి నువ్వు ముట్టుకోకూడదు. ఎనక్కెళ్ళు."

అరుగు మీద పొద్దుట్నుంచీ పలకని మనిషి, మా అత్తగారు, అప్పుడు పలికారు. "దాన్ని ఎక్కనియ్యండి. ఆయనకి ఆ సెయ్యి అలవాటే."

ఎక్కి కూర్చున్నాను. తోసేవాళ్ళని తప్పుకోమన్నాను. ఓ వానాకాలం ఆదిత్యపూర్‌లో ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళి, కావాలనే నా వ్యానుని ఇలాగే దిగబడేయించి, చెవి పక్కన ఆయన అరిచిన అరుపులు ఒక్కొక్కటే తలుచుకున్నాను. "రేసివ్వకు! జారీదానికి ఎంత బలం దొరికితే, గట్టి నేల మీదున్నదానికీ అంతే. ఆ ఎగిరిపడీదాన్ని హ్యాండ్ బ్రేకుతో కాస్త పట్టు, నిలబడ్డది కదుల్తాది. ఆనక ఒగ్గీ. ఒగ్గకపోతే బ్రేకు కాలిపోతాది."

రెండో గేరు. హ్యాండ్ బ్రేకు కొసన మీట నొక్కి పట్టి, లోపలి పళ్ళు పడి బిగుసుకుపోకుండా కొంచెం పైకి లాగాను. క్లచ్చి మెల్లగా వదిలాను. చక్రం తిరిగింది. వ్యాను మోరీ వైపు ఇంకాస్త జారింది. వెనక ఏడుపులు. వదిలేద్దామనిపించింది. వదల్లేదు, ఇంకొంచెం లాగాను. గుంటలో చక్రం మొరాయించి నెమ్మదించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కుడివైపు నుంచి ఎవరో భుజం పెట్టినట్టు బండి కదిలింది. గుంట దాటింది. నాలుగు చక్రాలూ సిమెంటు మీదికి వచ్చాయి.

జనం ఏదో అంటున్నారు. నాకు వినబడలేదు. వ్యాను సందు చివరిదాకా పాకుతూ పోతోంది, నా ఎడమ చెయ్యి మాత్రం బ్రేకు లివరు పట్టుకునే ఉంది. అక్కడ మెయిన్ రోడ్డు. ఆడవాళ్ళం అక్కడిదాకానే. వదిలితే దిగాలి, దిగితే ఇక ఆయన్ని నేను తీసుకెళ్ళేది ఉండదు. మాడు వాసన వచ్చింది, బ్రేకుది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, పొద్దుట్నుంచీ రానిది.

మా ఆయన నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడతాడు. నిప్పుకుండ వెనకనుంచి నావైపు చూశాడు.

"ఒగ్గీ," అన్నాడు.

మీట నొక్కి లివరు దించాను. దిగాను. డ్రైవరు ఎక్కాడు. గోడల మీద ఎండ ఇంకా కాస్త మిగిలే ఉంది. వ్యాను మెయిన్ రోడ్డు మీదికి మలుపు తిరిగింది, బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ. చెవొగ్గి విన్నాను. ఏ చప్పుడూ రాలేదు.