నేను "దా" అంటెనే
పొద్దున మా ఇంటామె ఎండుమిరపకాయలు ఏంచుతుంటే దగ్గొచ్చింది. ఎంటనే మోతి యాదికొచ్చింది.

నా చిన్నప్పుడు నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి. ఆడ మిర్చి బస్తాల నడుమ నా కుక్కపిల్ల మోతికి కూసునుడు నేర్పిన. ఎవలు పిలిచినా, రొట్టె చూపిచ్చినా కదలొద్దు. నేను "దా" అంటెనే లేవాలె.

ఒకనాడు దాన్ని కూసోబెట్టి దూరం పోయిన. పక్కన మిర్చి రాశి తిరగేసిన్రు. ఘాటు గొంతుల పడి, దగ్గుకు ఆడనే కూలబడ్డ. అప్పుడే మోతి దిక్కు లారీ ఎనుకకు వస్తాంది. "ఉరుకు మోతీ!" అని హమాలీలంత ఒర్రిన్రు. అది కదల్లే. నన్నే చూస్తాంది.

దగ్గు ఆగినంక "దా" అన్న. అప్పటికే లారీ ఆగింది. చక్రం కింద మోతి లేవలే.

నాయిన గోనెసంచి తెచ్చి, దాన్ని అండ్ల ఏసుకుంట, "మంచిగనే నేర్పినవ్ బిడ్డా" అన్నడు. మెచ్చుకుంటాండనుకున్న. ఆ మాట అన్నప్పుడు ఆయన నా మొకం ఎందుకు చూడలేదో, నాకు పిల్లలైనంకగని తెల్వలే.