మా నాయనమ్మ చెప్పిన బర్రె గుర్తులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బర్రెకున్న విలువ ఇంగ్లీషుకు ఉండేది కాదు. ఆ రెంటికీ ఒకదానితో ఒకటి పని పడే రోజు వస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

మాది కోదాడ దగ్గర పల్లె. నైజాం పాలన చివరి రోజుల్లో ఊళ్ళో బతుకు కష్టమై, చాలామందిలాగే మేమూ సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో బంధువుల ఇంట ఏడాదిపాటు తలదాచుకున్నాం. అక్కడి బళ్ళో నేను నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను. మిలిటరీ వచ్చి గొడవలు సద్దుమణిగాక తిరిగొచ్చి చూస్తే ఇల్లు ఉంది కానీ, పొరుగువాళ్ళకు అప్పగించి వెళ్ళిన బర్రె కొట్టంలో లేదు. దూడగా ఉన్నప్పటి నుంచి దాన్ని సాకింది మా నాయనమ్మ. పొలం బీడుపడి ఉన్న ఆ ఏడు ఇంటికి ఆదరువు దాని పాలే కావాలి.

దిక్కులేక తిరుగుతున్న పశువుల్ని తోలుకొచ్చి సూర్యాపేటలో ఒక దొడ్డిలో ఉంచారని కొన్నాళ్ళకు తెలిసింది. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. దొడ్డి దగ్గరికి వెళితే మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. అంతకు ముందు ఎవరో పరాయివాళ్ళ పశువును తమదేనని తోలుకుపోయారట. అందుకని ముందు గుర్తులు కాగితం మీద రాసివ్వాలి, సరిపోతేనే పశువును వదులుతారు. పై అధికారి అరవ దేశం నుంచి వచ్చినాయన. ఆయనకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. కాగితం ఇంగ్లీషులోనే ఉండాలి.

నాకు వచ్చు కదా అని పొంగిపోయి అక్కడే కూర్చుని రాశాను. వన్ బ్లాక్ బఫెలో, వెరీ బిగ్, వెరీ గుడ్. నాయనమ్మ కింద వేలిముద్ర వేసింది. అధికారి చదివి, కోప్పడకుండానే తల అడ్డంగా ఊపాడు. ఆయన మాటను గుమాస్తా మాకు చెప్పాడు.

"దొడ్ల ఉన్నయన్ని నల్లయే అవ్వా. వచ్చినోళ్ళందరు పెద్దది, మంచిదనే రాస్తున్నరు. గుర్తులు రాసుకొని రేపు రండి. ఎల్లుండి మిగిలినయి హర్రాజుల అమ్మేస్తరు."

నాకు తల కొట్టేసినట్టయింది. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ మూడు మాటలతోనే అయిపోయింది మరి.

ఆ పూట సూర్యాపేటలోనే మా మేనత్త ఇంట్లో దిగాం. వాళ్ళ పక్కింటి అక్క కాంపౌండరు గారి భార్య, బెజవాడ పిల్ల. పెళ్ళికి ముందు కొంత ఇంగ్లీషు చదువుకుంది. అట్టలు ఊడిపోయిన నిఘంటువు ఒకటి ఆమె దగ్గర ఉండేది. నా కాగితం చూసి నవ్వుతుందేమోనని భయపడ్డాను. ఆమె నవ్వలేదు. అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ మూడు మాటలూ తీసెయ్యమ్మాయ్. ఇవి ఎవరి బర్రెకైనా సరిపోతాయి. మీ బర్రెకు మాత్రమే సరిపోయేవి కావాలి," అంది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, కళ్ళు మూసుకుని దాన్ని ఒకసారి చూడండి. ఏం కనిపిస్తే అది చెప్పండి," అంది.

నాయనమ్మ కళ్ళు మూసుకుంది.

"అది నల్లగెక్కడుంటది బిడ్డా? వానల తడిస్తెనే నలుపు. ఎండల నిలవడితె మెడ కాడ తుప్పు వట్టిన నాగటి కర్రు లెక్క ఎర్రగ కొడ్తది."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బర్రెను చూస్తున్నాను. రోజూ దాని మెడ నిమిరాను. దాని రంగు ఏమిటో ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. అక్క పేజీలు తిప్పి 'రస్టీ' అన్న మాట పట్టుకుంది. ఆ మాట రాస్తుంటే నా చేతికి మెడ మీది వెంట్రుకల గరుకు తగిలినట్టయింది.

కొమ్ము వంకర అని నాయనమ్మ చెబితే అక్క 'క్రుకెడ్' అని చెప్పింది. నాయనమ్మ దాని అర్థం అడిగి తెలుసుకుంది. కానీ ఒప్పుకోలేదు. వంకరంటే ఏ దిక్కు వంకర అని నిలదీసింది. ఎడమ కొమ్ము చెవి మీదికి వంగి, మొన దగ్గర మళ్ళీ పైకి లేస్తుందట. అక్క ఓపికగా మళ్ళీ వెతికి, ఆ వంపులు రెండూ రాయించింది. ఒక కన్ను పొగ కమ్మినట్టు ఉంటుందంటే 'స్మోకీ' దొరికింది. అది పొయ్యి పొగకు వాడే మాటని తెలిసి నాయనమ్మ దానికీ తల ఊపలేదు. తెల్లవారుజామున వరిచేను మీద నిలిచే మంచులా ఉంటుంది గానీ పొయ్యి పొగలా కాదంది. అట్లా 'మిస్టీ' వచ్చింది. చీలిన చెవి కొసకు 'టోర్న్' వచ్చింది. గుంజితే కదలని మొండితనానికి 'స్టబర్న్' వచ్చింది. పొద్దు గూకేసరికి కాగితం నిండింది. ఒక్క ఇంగ్లీషు అక్షరం రాని మనిషి, పుస్తకంలోని ఇంగ్లీషు మాటల్ని ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని ఏరుతుంటే, అక్కా నేనూ ఆమె ముందు పిల్లల్లా కూర్చున్నాం.

మర్నాడు నాయనమ్మ వేలిముద్ర వేసిచ్చిన ఆ కాగితాన్ని అధికారి రెండుసార్లు చదివాడు. దాన్ని చేత్తో పట్టుకునే దొడ్డిలోకి నడిచాడు. మేము కంచె బయట నిలబడ్డాం. ఒక్కో బర్రె ముందు ఆగి, కాగితం చూసి, కదిలిపోతున్నాడు. మూలన ఉన్న ఒక బర్రె దగ్గర చాలాసేపు ఆగాడు. వంగి దాని కన్ను చూశాడు. చెవి పట్టుకుని చూశాడు.

జవాను తాడు పట్టి గుంజాడు. బర్రె కదల్లేదు. ఇంకొకడు వచ్చి చెయ్యేశాడు. అయినా కదల్లేదు. అధికారి కాగితంలోకి చూసి, 'స్టబర్న్' అని గట్టిగా చదివి నవ్వాడు. గేటు తీయించి నాయనమ్మను లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసింది. తాడు ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి చూడకుండా గేటు వైపు నడిచింది. బర్రె ఆమె వెనకాలే వచ్చింది.

ఇది రాసిందెవరని అధికారి ఇంగ్లీషులో అడిగాడు. నాయనమ్మ నన్ను ముందుకు నెట్టింది. నాకెందుకో నేనే అని చెప్పబుద్ధి కాలేదు. "మై గ్రాండ్‌మదర్," అన్నాను. ఆయన కాగితం కింద ఉన్న వేలిముద్ర చూశాడు. నన్ను చూశాడు. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

తర్వాతి కాలంలో మిర్యాలగూడలో చాలా ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. పెద్దపెద్ద నిఘంటువులు కొన్నాను. వాటి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట కావలసి వచ్చినప్పుడు ముందుగా పుస్తకం తెరవను. ఆ వస్తువు దగ్గరికి వెళ్ళి నిలబడి, తృప్తి కలిగేదాకా చూస్తాను. ఇప్పుడు చూపు మందగించింది. అందుకని దగ్గర కూర్చుని చేత్తో తడిమి చూస్తాను.