తలుపు దగ్గర చెప్పాల్సిన మాట

దమ్మామ్ దగ్గర ఎడారిలో, అమెరికా ఉద్యోగుల కుటుంబాలుండే ఒక కాంపౌండులో పదకొండేళ్లు గడ్డి పెంచాను. పశువుల కోసం కాదు, అమెరికా వాళ్లు ఆడుకునే ఫుట్‌బాల్ కోసం. ఆ ఆటలో బంతిని కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. అయినా దాన్ని ఫుట్‌బాల్ అనే అంటారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆ మైదానానికి అడ్డంగా ఐదు గజాలకొక తెల్లగీత ఉండాలి. ఆట శుక్రవారం కాబట్టి ప్రతి గురువారం ఆ గీతలన్నీ మళ్లీ వేయాలి. గీత వేలెడంత వంకరపోయినా కోచ్ అంత దూరం నుంచే పట్టేసేవాడు.

ఈ పని నాకు నేర్పింది కాక. సొంత బాబాయి కాదు, జగిత్యాల వైపు మా పక్కూరాయన. నాకు వీసా పంపించిందీ, విమానం దిగిన రోజు పనివాళ్ల క్యాంపు మెస్‌లో నా ముందు పళ్లెం పెట్టిందీ ఆయనే. ఆ మైదానం ఒట్టి ఇసుకగా ఉన్నప్పుడు మట్టి మోసిన వాళ్లలో కాక ఒకడు. ఇరవై రెండేళ్లు అదే నేల మీద పనిచేశాడు. అక్కడ ఎండాకాలం గడ్డి వేరు, చలికాలం గడ్డి వేరు. చలి మొదలయ్యే ముందు పాత గడ్డిని పొట్టిగా కోసి, దాని మీదే కొత్త విత్తనం చల్లాలి. ఆ చల్లే పని మాత్రం కాక ఎవరికీ ఇచ్చేవాడు కాదు, నాక్కూడా. "నువ్వు సల్లితె కోళ్లకు నూకలేసినట్టుంటదిరా" అనేవాడు.

గడ్డి పని చాలదన్నట్టు నా నెత్తిన ఇంకో పని పడింది. నాకు తెలుగుతో పాటు హిందీ, కాస్త అరబీ వచ్చు. అందుకని ఎవరినైనా పనిలోంచి తీసేస్తే, ఆ మనిషిని ఆఫీసుకు పిలుచుకురావడానికి సూపర్‌వైజర్ నన్నే పంపేవాడు. "ఇకామా, గేటు కార్డు పట్టుకుని రమ్మను. సంగతి మాత్రం చెప్పకు, చెబితే అక్కడే గొడవ మొదలవుతుంది" అనేది ఆయన హుకుం. ఇకామా అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు. ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, ఆ మనిషి చేతిలో ఖురూజ్ కాగితం పెడతాడు. నీ నౌకరీ తీరింది, ఇంటికి పొమ్మనే కాగితం అది. గేటు కార్డు అక్కడికక్కడే తీసేసుకుంటారు. ఇక కాంపౌండులో అడుగు పెట్టడానికి లేదు, బస్సెక్కి ఊరవతల మా క్యాంపుకు వెళ్లిపోవడమే.

మొదట్లో ఇది నాకు దక్కిన పెద్దరికం అనుకున్నాను. నా బుద్ధికి అంతే అందింది. ఏడాది తిరిగేసరికి నేను కనిపిస్తే చాలు, తోటివాళ్లకు అవతల ఏదో పని గుర్తొచ్చేది. "యముడొచ్చిండురో" అని ఒకడు నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మెస్‌లో నా బల్ల దగ్గర కూర్చునేది కాక ఒక్కడే. కాక సెలవులో ఊరికి పోతే ఆ రెండు నెలలూ నేను ఒంటరిగా తిన్నాను.

అలా ఒక మధ్యాహ్నం మైదానం పక్కన టిఫిన్ విప్పుకుని కూర్చుంటే కోచ్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. కుడి మోకాలు వంగదు. కాంపౌండులో పిల్లలకీ, ఉద్యోగుల జట్టుకీ ఆట నేర్పడానికి వచ్చాడు. అందరూ నీకు దూరంగా ఎందుకుంటున్నారని అడిగాడు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లిషులో చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను.

"నా మొదటి ఉద్యోగం అదే" అన్నాడు.

కాలేజీలో ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాడట. ఆడలేనివాడు ఆటను వదల్లేక, కోచ్‌ల గదిలో మూలన కూర్చుని ఆటల వీడియోలు ముక్కలు కోసి, ఏ ముక్కలో ఎవడు ఎటు పరిగెత్తాడో రాసిపెట్టే పనిలో చేరాడు. అక్కడి నుంచి డబ్బులిచ్చి ఆడించే పెద్ద జట్టులోకి తీసుకున్నారు. అలాంటి జట్లు ఎండాకాలంలో తొంభై మందితో మొదలుపెట్టి, అసలు ఆటలొచ్చేసరికి చాలామందిని ఇంటికి పంపేస్తాయట. పోవలసిన వాడి గది తలుపు కొట్టి, "కోచ్ పిలుస్తున్నాడు, నీ పుస్తకం తెచ్చుకో" అని చెప్పడం ఈయన పని. ఆ పుస్తకంలో జట్టు ఆడే ఎత్తుగడలన్నీ ఉంటాయి. అది తిరిగి తీసుకున్నారంటే వాడి కథ ముగిసినట్టే. ఈయన వరండాలో నడుస్తుంటే ఆరున్నర అడుగుల మనుషులు కూడా గోడకు అతుక్కుపోయేవారట.

ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కాడు. అవతలి జట్టును అడ్డుకునే వరుసకు కోచ్ అయ్యాడు, ఎత్తుగడలు వేసే పెద్ద కోచ్‌కు సహాయకుడయ్యాడు. ఒక్కసారి ఒక చిన్న జట్టుకు తానే పెద్ద కోచ్ అయ్యాడు, అదీ ఏడాదిన్నర. వాళ్లలో ఒక పద్ధతి ఉందట. పెద్ద కోచ్‌ను తీసేస్తే ఆయన కింద ఉన్న వాళ్లందరూ పోవలసిందే, వాళ్ల పని ఎంత బాగున్నా. అలా ఏడు ఊళ్లు మారాడు. అట్టపెట్టెలు విప్పడం మానేశారు ఇంట్లో. ఐదో ఊళ్లో భార్య, ఇక నేను రానని ఆగిపోయింది. ముసలితనంలో ఎవరూ పిలవకపోతే, ఎడారిలో పిల్లలకు బంతి పట్టుకోవడం నేర్పడానికి వచ్చాడు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఏడుపేమీ లేదు. నాకే బాధ వేసింది. మా వాళ్లు కూడా అంతే కదా, మమ్మల్ని రప్పించుకున్న కఫీల్ కంపెనీ మూస్తే గ్యాంగంతా ఒక్కసారే విమానమెక్కుతుంది.

"సంగతి చెప్పొద్దని నాకూ హుకుం ఉండేది" అన్నాడు కోచ్. "రెండేళ్లు పాటించాను. తర్వాత మానేశాను. తలుపు దగ్గరే చెప్పెయ్. అక్కడి నుంచి ఆఫీసు దాకా ఉన్న నడక ఆ మనిషిది. ఏడిస్తే ఏడుస్తాడు, తిడితే తిడతాడు, మొహం సర్దుకుంటాడు. పెద్దల ముందు కూర్చున్నాక తెలిస్తే అవేవీ చేసుకోలేడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తర్వాత నెలలోనే ఒక నిజామాబాద్ ప్లంబర్‌ను పిలవాల్సి వచ్చింది. తలుపు దగ్గరే చెప్పాను. అతను గోడకానుకుని కాసేపు ఏడ్చి, నల్లా దగ్గర మొహం కడుక్కుని, తిన్నగా నడిచి ఆఫీసులోకి పోయాడు. పోతూ నా భుజం తట్టాడు. కోచ్ చెప్పింది నిజమే అనుకున్నాను.

ఆ మరుసటి ఏడు సూపర్‌వైజర్ కాక పేరు చెప్పాడు.

వయసు మీద పడిందట, ముదీర్ మనుషుల్ని తగ్గిస్తున్నాడట. ఇంకెవరినైనా పంపమని బతిమాలాను. తెలుగు వచ్చినవాడివి నువ్వే కదా అన్నాడు. కాక ఆ పూట సామాన్ల గదిలో గడ్డి కోసే మిషన్ బ్లేడు సాన పెడుతున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డాను. చెప్పేయాలనే వచ్చాను. ఆయన తలెత్తి "ఏందిరా, గట్ల నిలవడ్డవ్?" అన్నాడు. నా నోటి నుంచి ఊడిపడిన మాట ఇది: "ఇకామా రెన్యూవల్ కాకా. ఫోటో దిగాల్నట. కార్డు గూడ పట్టుకరమ్మన్నరు."

కాక నూనె చేతులు తుడుచుకుని, మేకుకు తగిలించిన చొక్కా తొడుక్కుని, దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. గది వెనక అడ్డదారిన తీసుకుపోయాను. తొందరగా అయిపోతే చాలనిపించింది. దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. "ఇంక రెండేండ్లు దొరికిందిరా. ఇత్తనం ఈసారి జర ముందుగాల సల్లుదాం, పోయినేడు ఆలిశమైంది. సగం నువ్వే సల్లు. ఎప్పటికన్న నేర్సుకోవాలె గద." నేను ఊ కొట్టాను. ఊ కొడుతూ నడిచాను, సిగ్గులేని వాణ్ని.

ఆఫీసులో కాక కుర్చీ అంచున కూర్చుని, కాలర్ సరిచేసుకుని, హిందీలో "ఫోటో ఎక్కడ?" అని అడిగాడు. ముదీర్ నా వైపు చూశాడు. ఫోటో కాదని చెప్పి కాగితం ముందుకు జరిపాడు. కాక దాన్ని చూశాడు. కార్డు ఇమ్మంటే ఇచ్చాడు. నా వైపు తిరగలేదు. తిరిగి ఒక్క మాట తిట్టినా బాగుండేది.

సాయంత్రం కోచ్ అడిగాడు, తలుపు దగ్గరే చెప్పావా అని. చెప్పానన్నాను. "అన్నిటికన్నా కష్టమైంది చేశావు" అని చేయి కలిపాడు. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడైంది. నాలుగు రోజుల తర్వాత కాక విమానమెక్కేటప్పుడు "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పాడు. క్షమించాడనుకున్నాను. ఊరికి ఫోన్ చేస్తే ప్రతిసారీ చిన్నమ్మే ఎత్తేది. "మీ కాక పొలం కాడికి వోయిండు" అనేది.

ఆ ఏడాది అమెరికా కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి, జట్టు లేకుండా పోయింది. కోచ్‌ను పిలవడానికి కూడా నన్నే పంపారు. సామాన్ల గది తలుపు దగ్గరే చెప్పేశాను. ఆయన చేతిలో బంతిని రెండుసార్లు తిప్పి బుట్టలో వేశాడు. "ఎనిమిదోసారి. తలుపు దగ్గర చెప్పినవాడివి నువ్వే మొదలు" అన్నాడు. మైదానం చుట్టూ తిరిగి పోదామా అని అడిగాడు. వంగని మోకాలితో మెల్లగా నడిచాడు, నేను పక్కనే నడిచాను. అవతలి కొసకు వచ్చాక, మీ ముసలాయన వేసినంత తిన్నని గీతలు నేనెక్కడా చూడలేదన్నాడు. ఇక దాచలేకపోయాను. కాకకు ఆ రోజు ఫోటో అని చెప్పి తీసుకుపోయానని ఒప్పుకున్నాను. కోచ్ ఆగి నా వైపు తిరిగాడు. "నాకు చెబితే ఏం లాభం? ఆయనకు చెప్పు" అన్నాడు.

ఆయన వెళ్లిన రెండు నెలలకు మైదానంలోకి పొక్లెయిన్లు దిగాయి. గడ్డి పోయింది, మట్టి పోయింది, సిమెంటు పోసి కార్లు పెట్టుకునే జాగా చేశారు. నన్ను రోడ్డు పక్క చెట్లకు నీళ్లు పెట్టే పనిలో వేశారు.

మొన్న సెలవులో ఊరికి పోగానే కాక దగ్గరికి వెళ్లాను. ఉడికించిన పసుపు కొమ్ముల్ని పొలంలో ఆరబోస్తున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి పట్టా మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. కూర్చోకముందే చెప్పేశాను.

"కాకా, ఆ దినం నీకు అబద్ధం జెప్పిన. నాకు ముందుగాలనే ఎర్కుండె. తప్పయింది."

"తీసేసిండ్రని నాకు బాధ లేదురా" అన్నాడు, చేతులు ఆపకుండా. "ముసలోన్ని ఎన్ని దినాలు ఉంచుకుంటరు? తలుపుకాడనే జెప్పితివంటె గ్రౌండు దిక్కెల్లి పోదుము. ఒక్కసారి సూసుకొని వత్తుంటి. కార్డు గుంజుకున్నంక ఇంకేడ సూస్తి?"

ఏడాదికి పైగా ఎన్నో రకాలుగా నన్ను నేను తిట్టుకున్నాను గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. గ్రౌండు నుంచి పోయే దారి ఇంకో వంద అడుగులు ఎక్కువ, అంతే. కళ్లు తుడుచుకున్నాను. కాక నా మోకాలి మీద చెయ్యేశాడు. పసుపు అంటింది.

"పోనియ్. ఇప్పుడెట్లున్నది గ్రౌండు? ఈయేడు ఇత్తనం ఎవలు సల్లిన్రు?"

ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నాకు కనిపించింది. కానీ ఒకసారి అబద్ధమాడి ఇంత చేశాను కదా, ఇంకోసారి ఆడకూడదని ఒట్టేసుకుని వచ్చాను.

"గ్రౌండు లేదు కాకా. కోచ్ వోయినంక అంత తవ్వి సిమెంటు వోసిన్రు. కార్లు పెట్టుకుంటున్నరు."

కాక చెయ్యి పసుపు మీద ఆగిపోయింది.

"గిదొక్కటన్న అబద్ధం జెప్పితె ఏం బోతుండెరా" అన్నాడు.