కాప్రా బావికి పదిహేను రోజులు ఆలస్యంగా

మొన్న ఆదివారం మోండా మార్కెట్‌లో గోంగూర కొంటుంటే, అమ్మే ఆవిడ తనది కాప్రా అని చెప్పింది. మీ ఊళ్లో గత్తర తగ్గిందా అమ్మా అని అడిగాను. "యాడ తగ్గింది సాబ్? మొన్ననే ఇద్దర్ని కాటికి తీస్కపోయిరి. గా దూదేకులోల్ల గల్లీ బాయి నీల్లే తాగుతున్నం, ఇంకేం దిక్కున్నది మాకు?" అంది. గోంగూర అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. నేను సర్కారు ల్యాబులో నీళ్లు పరీక్ష చేసేవాణ్ణి. ఆ బావి నీళ్లలో గత్తర పురుగు, అదే కలరా క్రిమి, ఉందనీ, వెంటనే బావి మూయించి లారీలో మంచినీళ్లు పంపాలనీ పదిహేను రోజుల కిందట రిపోర్టు రాసింది నేనే. ఆ రిపోర్టు ఏమైందో కనుక్కుని, కాప్రా వెళ్లి రావాలని మర్నాడు బయలుదేరాను.

ఇన్నాళ్లూ ఊరివాళ్లకు ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. నీళ్లు పట్టడానికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు సాయం చేసింది దస్తగిరి, దూదేకే మనిషి. అతని భార్య ఖాసింబీ నా సీసాకు తాడు కట్టి తనే బావిలోకి దింపింది. పోలీసు చర్య జరిగి ఏడాదైనా కాలేదు. సాయిబుల గల్లీలో బావి చెడిందని ఒక్కమాట బయటికొస్తే చాలు, రజాకార్లు విషం కలిపారని సాయంత్రానికి ఊరంతా అంటుంది. ఆపైన ఆ గల్లీలో ఇళ్లు మిగలవు. సర్కారు కాగితం వచ్చిందంటే ఎవరి మీదా నింద పడదు కదా అని నోరు మూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆర్డరు రాకముందే నోరు విప్పితే నా ఉద్యోగం పోతుందని కూడా భయపడ్డాను.

నా రిపోర్టు వెళ్లింది ఆరోగ్య శాఖ ఆఫీసుకు; సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిస్తే పావుగంట. పదింటికి తలుపులు తీస్తారు గానీ పదిన్నర దాకా కుర్చీల్లో మనుషులుండరు, కాబట్టి తొందరపడి వెళ్లి లాభం లేదు. హెడ్ గుమాస్తా మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. నా రిపోర్టు గురించి అడిగితే చాలాసేపు వెతికి, బీరువా అడుగున పాత కాగితాల కట్టలోంచి తీశాడు.

"ఇదేనాండీ? ఇది పదేళ్లనాటిది కదండీ. ఆ గత్తర ఎప్పుడో పోయుంటుందని పక్కన పెట్టించాను."

"పదేళ్లేమిటండీ? నేను రాసి పదిహేను రోజులైంది!"

అతను గోడకు అంటించిన పట్టీ చూపించాడు. హిజ్రీ సంవత్సరాలకు ఎదురుగా ఇంగ్లీషు సంవత్సరాలు రాసి ఉన్నాయి. నా రిపోర్టు మీద ఉన్నది 1358. ఆ పట్టీ ప్రకారం అది పదేళ్ల కిందటి ఏడాదే. మా హైదరాబాదు కచేరీల్లో రాసేది హిజ్రీ కాదు, పంటల లెక్కన నడిచే ఫస్లీ. ఫస్లీ లెక్కలో ఇప్పుడు నడుస్తున్నదే 1358. చిన్నప్పటినుంచీ అలవాటైన అంకె గనక నేను ఫస్లీ అని రాయనే లేదు. ఇది తెలియని మనిషి కూడా లోకంలో ఉంటాడని నాకు తోచనేలేదు. "అయ్యయ్యో, ఎంత పని జరిగిందండీ!" అని గుమాస్తా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు.

పై ఆఫీసరు రిపోర్టు చదివి, "పురుగును మీరు కళ్లారా చూశారా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. చూశానన్నాను. వెంటనే సంతకం పెట్టి, మంచినీళ్ల లారీ మర్నాడు పొద్దున్నే పంపమన్నాడు. మొత్తం పది నిమిషాల పని. ఆర్డరు చేతికొచ్చి, గోదాం నుంచి బ్లీచింగ్ పొడి బస్తా బయటికొచ్చేసరికి పన్నెండున్నరైంది.

కాప్రాకు ఝట్కా కిరాయి రెండు రూపాయలు, హాలీ సిక్కాల్లో, అంటే నిజాం రూపాయల్లో. కొందరు ఇండియా రూపాయలే కావాలంటారు, ఎక్కేముందే తేల్చుకోండి. లాలాగూడ, మౌలాలి మీదుగా గంటన్నర పడుతుంది. యాప్రాల్ వైపు నుంచీ పోవచ్చు గానీ ఆ దారి నిండా రాతి గుండ్లే. ఎండ మాడ్చేస్తోంది. కాప్రా చెరువు కట్ట దగ్గరికి రాగానే బండివాడు గుర్రాన్ని ఆపేశాడు.

"గీడ్నే దిగుండ్రి సాబ్. గత్తర ఊర్లకు నేను రాను. ఇంట్ల పిల్లలున్నరు."

అతన్ని తప్పుపట్టలేదు. బస్తా భుజాన వేసుకుని నడిచాను.

దస్తగిరి గడపలో కూర్చుని ఉన్నాడు. దూదేకే విల్లు గోడకు వేలాడుతోంది. నన్ను చూసి లేచి సలాం చేశాడు. బావి మూయడానికి ఆర్డరు తెచ్చానని చెప్పాను. అతను కాగితం అందుకుని తిప్పి చూశాడు.

"ఖాసింబీ లేదు సాబ్. గత్తరొచ్చి పోయి నాలుగొద్దులాయె."

బస్తా దింపి గడప పక్కన కూర్చున్నాను.

"బాయి ఖరాబైందని మీకెప్పుడు ఎరుకైంది?" అని అడిగాడు.

ఆర్డరు మీద ఆ రోజు తేదీయే ఉంది. ఇవాళే తెలిసిందంటే నమ్మేవాడు. కానీ అబద్ధం ఆడలేకపోయాను. పదిహేను రోజులైందని చెప్పి, రజాకార్ల మాట పుడుతుందని, వాళ్ల గల్లీ మీద జనం పడతారని భయపడ్డానన్నాను. అతను అంతా విన్నాడు. గొంతు పెంచలేదు.

"ఊరికి చెప్పకపోతిరి, మంచిగనే చేసిండ్రు. జెర నా ఒక్కని చెవుల ఏసుంటే సరిపోతుండె గద సాబ్. కాగవెట్టుకొని తాగేటోళ్లం."

ఆ తర్వాత ఇద్దరం కలిసి బావిలో పొడి కలిపాం. చీకటి పడకముందే పైన ముళ్లకంప వేసి, ఆర్డరు అతికించాం.

సైన్సు చెప్పేదాన్ని సర్కారు చెవికి ఎక్కించడం ఎట్లా అని ఈమధ్య చాలామంది పెద్దలు చర్చిస్తున్నారు. చర్చించాల్సిందే. కచేరీలన్నీ తేదీలు ఒకే లెక్కలో వేయాలి, చదివేవాడికి అర్థమయ్యేలా రాయాలి, రాసినవాడు వెంటపడి అడగాలి. గుమాస్తా పొరపాటు తెలియక చేసింది. నేను తెలిసి ఊరుకున్నాను. సర్కారు నిర్ణయం వేరు, ఒక మనిషికి ఒక మాట చెప్పడం వేరు అని అప్పుడు నాకు తట్టలేదు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఊళ్లకు వెళితే, ఉదయం ఎనిమిదికి ముందే సికింద్రాబాద్ దాటండి, ఎండ తప్పుతుంది. రిపోర్టు మీద ఇంగ్లీషు తేదీ కూడా వేయండి. ఫలితం తేలిన రోజునే, ఆర్డరు కోసం చూడకుండా, ఆ నీళ్లు తాగే ఇంటికి వెళ్లి కాచుకుని తాగమని చెప్పండి. ఆ మాటకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.